గుండీ గుర్తున్న కోడి

మా పిన్ని గోళ్ళ కింద ఎప్పుడూ మట్టి ఉండేది. ఎంత రుద్దినా గోరుకీ వేలికీ మధ్య ఒక బూడిదరంగు గీత మిగిలేది. పోయిన నెలలో ఆమెను ఆఖరిసారి చూసినప్పుడు ఆ గీత లేదు. ఆస్పత్రిలో నర్సు ఆమె గోళ్ళు కత్తిరించి, తడిదూదితో తుడిచి, తెల్లగా చేసింది. 

పిన్ని కూతురు, నా చెల్లెలు, "అమ్మ గురించి నాలుగు మంచి మాటలు రాయక్కా, సంస్మరణ సభకు బడివాళ్ళు అడుగుతున్నారు" అంది. కూర్చున్నాను. మంచి మాటలకు కొదవలేదు. కానీ ఎక్కడ మొదలుపెట్టినా మూడో వాక్యానికల్లా ఒక మట్టికోడి వచ్చి కాగితం మధ్యలో కూర్చుంటోంది. దాన్ని అదిలించడం నా వల్ల కాలేదు. అందుకని దాని సంగతే రాస్తున్నాను. బడివాళ్ళకు పనికొస్తుందో లేదో తెలియదు.

పిన్ని ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకే బడిలో నాలుగైదేళ్ళ పిల్లలకు మట్టిపని నేర్పింది. విరిగిన బెంచీలు పడేసుకునే వెనకగదిని అడిగి తీసుకుంది. ఒకటే కిటికీ. దాని కింద చేతులు కడుక్కునే పొడుగాటి తొట్టి. మధ్యలో పిల్లల నడుమెత్తు బల్లలు మూడు. బల్లల మీద రెగ్జిన్ గుడ్డను నునుపు కిందికీ నేత పైకీ వచ్చేలా తిరగేసి పరిచేది. నునుపు మీద మట్టి అతుక్కుంటుంది, నేత మీద అతుక్కోదు. మూల రెండు బకెట్లు. ఒకదాంట్లో కొత్తమట్టి. రెండోదాంట్లో నీళ్ళు. విరిగినవీ, ఎండినవీ, వద్దనుకున్నవీ అందులో వేస్తే రెండురోజుల్లో నానిపోయి మళ్ళీ మట్టైపోయేవి.

పిల్లలు రాగానే ఒక్కొక్కరికీ గుప్పెడు ముద్ద ఇచ్చేది. "ముందు కొట్టండి. ఇవాళ ఎవరిమీద కోపం ఉంటే వాళ్ళనుకుని కొట్టండి" అనేది. గది దద్దరిల్లిపోయేది. పక్కగదిలో లెక్కల టీచరు గోడమీద స్కేలుతో కొట్టేది. "అదిగో, ఆవిడ కూడా కొడుతోంది, మనమే గెలవాలి" అనేది పిన్ని.

ఎవరినీ "ఇదేమిటి?" అని అడిగేది కాదు. "దీని సంగతి చెప్పు" అనేది. ఒకరోజు ఒక పిల్లాడు గుండ్రటి ముద్ద తెచ్చి చూపించాడు.

"మా తాతయ్య."

"కాళ్ళు కనపడటం లేదేం?"

"కూర్చున్నాడు."

"చేతులో?"

"వెనక్కి పెట్టుకున్నాడు."

"మరి మొహం?"

"అటు తిరిగాడు. కోపం వచ్చింది."

పిన్ని ఆ ముద్ద వెనక్కి వంగి చూసింది. "అబ్బో, చాలా కోపంగా ఉన్నాడు. ఎవరూ కదిలించకండి" అని జాగ్రత్తగా అరలో పెట్టింది.

పిల్లల ముద్ద మీద పెద్దవాళ్ళ వేలు పడకూడదన్నది ఆమె పట్టుదల. ఏనుగు చెవి ఊడిపోతే తను అతికించేది కాదు. కాస్త గుజ్జుమట్టి వేలికి రాసి ఆ పిల్ల చేతే అతికించేది. అతుకు వికారంగా ఉండేది. "మనం ముట్టుకుంటే బాగుంటుందే. బాగుండటమే దానికి పట్టిన దరిద్రం. ఇక అది వాళ్ళది కాదు" అనేది నాతో.

అక్షరాలు రాని పిల్లలు కాబట్టి పేర్లు రాసుకోలేరు. అందుకని ఒక్కొక్కరూ ఇంటినుంచి ఒక వస్తువు తెచ్చుకునేవారు. చేసిన బొమ్మ అడుగున దాన్ని నొక్కితే అదే గుర్తు. సీసామూత, తాళంచెవి, విరిగిన దువ్వెన ముక్క. ఆ గదిలో పిల్లల పేర్లు కూడా అవే. "ఒరే దువ్వెనా, చేతులు కడుక్కున్నావా?" "సీసామూత ఇవాళ రాలేదేం?"

ఇక కడుపు తీయడం. లోపల మందంగా ఉన్న బొమ్మ బట్టీలో పేలుతుంది. తను పేలడమే కాదు, పక్కనున్న నాలుగింటినీ పట్టుకుపోతుంది. అందుకని కాస్త గట్టిపడ్డాక అడుగున బిళ్ళలా కోసి, లోపలి మట్టిని చెంచాతో తోడేసి, బిళ్ళను గుజ్జుతో మళ్ళీ అతికించి, సూదితో ఒక బెజ్జం పెట్టాలి. దాన్నే ఆ గదిలో కడుపు తీయడం అనేవారు. ఆ పని కూడా పిన్ని ఒంటరిగా చేసేది కాదు. బిళ్ళ తను కోసేది, చెంచా పిల్ల చేతికిచ్చేది. పిల్ల ఎదురుగా లేకుండా ఏ బొమ్మ కడుపూ తెరిచేది కాదు.

నేను ఆ గదిలో చేరేనాటికి నాకు ఇరవై ఏళ్ళు. కాలేజీలో పరీక్ష రెండోసారి తప్పి ఇంట్లో కూర్చున్నాను. ఇంటికి ఎవరొచ్చినా వంటగదిలోకి దూరేదాన్ని. పిన్నే వచ్చి లాక్కుపోయింది. "ఖాళీగా కూర్చుంటే బుర్ర తినేస్తుంది. నా దగ్గరికి రా, చేతులైనా మురికి చేసుకుందువుగాని" అంది. పిల్లలు నన్ను మట్టక్క అన్నారు. బడి పెద్ద టీచరు మాత్రం కళ్ళజోడు మీదినుంచి చూసి, "తల్లిదండ్రులకు ప్రదర్శన పెడతాం కదా, అది ఎలా జరుపుతావో చూశాక ఉంచాలో వద్దో చెప్తాను" అంది. రెండుసార్లు తప్పినదాన్ని, మూడోది కూడా తప్పితే మొహం ఎక్కడ పెట్టుకోను? అరల మీద ఒక్క ఖాళీ కూడా ఉండకూడదని మనసులో గట్టిగా అనుకున్నాను.

గుండీ అనే పిల్లకు అప్పుడు ఐదేళ్ళు. వాళ్ళమ్మ పాత కోటుకున్న నాలుగు కన్నాల పెద్ద గుండీ ఆ పిల్ల గుర్తు. నోరు తెరిస్తే కథలే. పిల్లి తనకు దారి చెప్పిందనేది. నీళ్ళట్యాంకులో ఒక ముసలావిడ ఉంటుందనేది. వాళ్ళమ్మ బట్టలకొట్లో రోజంతా నిలబడి పనిచేసి, సాయంత్రం పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చేది. "దీని మాటలు నమ్మకండి టీచర్ గారూ, అన్నీ కోతలే" అనేది. పిన్ని మాత్రం ఆ ముసలావిడ ఏం తింటుందో అడిగేది. ఆ పిల్ల మాటకు విలువున్న చోటు ప్రపంచంలో ఆ గది ఒక్కటేనని నాకు అప్పుడు తట్టలేదు.

ప్రదర్శన దగ్గరపడుతుండగా ఒక సోమవారం గుండీ కోడిపెట్టను చేసింది. మెడ లేదు, తోక ఎక్కువ, పొదిగినట్టు చతికిలబడి ఉంది. ఒళ్ళంతా చెంచా మొనతో పొడిచి ఈకలు పెట్టింది. పిన్ని పక్కన చేరి, "దీని సంగతి చెప్పు" అంది.

"ఇప్పుడు చెప్పను. కాల్చాక చెప్తా."

"అప్పటిదాకా ఆగాలా?"

"ఆగాలి."

"సరే, ఆగుతాను" అంది పిన్ని.

మర్నాటినుంచి గుండీ రాలేదు. జ్వరమట. గురువారం పూలకుండీలు కాల్చే బట్టీ ఆయన బండి వస్తుంది. మా బొమ్మలన్నీ అందులో కాలాల్సిందే. బుధవారం పిన్ని కోడిమీద తడిగుడ్డ కప్పి, "ఇది ఈసారికి ఆగుతుంది. పిల్ల వచ్చాక కడుపు తీసి పైవారం పంపిద్దాం" అంది. పైవారం అంటే ప్రదర్శన దాటిపోతుంది.

గురువారం మధ్యాహ్నం పిన్ని టీచర్ల మీటింగుకు వెళ్ళింది. బండి తొందరగా వచ్చేసింది. బట్టీ ఆయన గేటుదగ్గర బెల్లు కొడుతున్నాడు. గడ్డి పరిచిన పెట్టెల్లో నలభై ఒక్క బొమ్మలు సర్దాను. అరలో తడిగుడ్డ కింద కోడి ఒక్కటే మిగిలింది. ప్రదర్శనలో గుండీ పేరున్న చోట ఖాళీ కనిపిస్తుంది. పెద్ద టీచరు ఆ ఖాళీ దగ్గరే ఆగుతుంది. నాకు అదే కళ్ళముందు ఆడింది.

కోడిని తిప్పాను. గుండీ గుర్తు చెదరకుండా చుట్టూ బిళ్ళ కోశాను. ఆ కోత నేర్పుగానే వచ్చిందని ఒక్క క్షణం మురిసిపోయాను కూడా. చెంచా పెట్టి తోడాను. రెండో చెంచాలో ఒక చిన్న ఉండ వచ్చింది. గడ్డకట్టిన మట్టేమో అనుకున్నాను. తర్వాత ఇంకొకటి. దాని వెనకే మూడోది. శనగగింజంత ఉండలు. రెండు గుండ్రంగా ఉన్నాయి, మూడోది ఒక పక్క నొక్కుకుపోయి ఉంది.

అవి గుడ్లని నాకు తెలియలేదని రాయవచ్చు. ఇన్నేళ్ళుగా నాతో నేను చెప్పుకున్నది అదే. కానీ తెలిసింది. నా అరచేతిలో ఉన్నవి ఏమిటో నాకు బాగా తెలిసింది. తిరిగి లోపల పెట్టి బిళ్ళ మూయడానికి అర నిమిషం పట్టేది. బయట బెల్లు మళ్ళీ మోగింది. ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను. తోడిన మట్టితోపాటు మూడింటినీ నానబెట్టే బకెట్లో వేశాను. బిళ్ళ అతికించి, బెజ్జం పెట్టి, కోడిని బండెక్కించాను.

సాయంత్రం పిన్ని అడిగితే, "చిన్నదే కదా పిన్నీ, పేలదులే అని అలాగే పంపేశాను" అన్నాను. అన్నీ క్షేమంగా తిరిగొచ్చాయి.

ప్రదర్శన రోజు అరల మీద ఎక్కడా ఖాళీ లేదు. పెద్ద టీచరు ఒక చుట్టు తిరిగి నావైపు తల ఊపింది. కోపం వచ్చిన తాతయ్య దగ్గర అందరూ ఆగి నవ్వుతున్నారు. గుండీ వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. జ్వరానికి మొహం పీక్కుపోయి ఉంది. గబగబా వచ్చి కోడిని తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. మళ్ళీ ఊపింది. రెండో చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

"ఇది నాది కాదు" అంది.

"అదేంటే, నువ్వు చేసిందేగా?" అంది వాళ్ళమ్మ.

"కాదు. నా కోడి కడుపులో మూడు గుడ్లున్నాయి. నేను పెట్టా. కాల్చాక గలగలమనాలి."

"ఇదిగో, మొదలెట్టింది."

పిన్ని కోడిని తిరగేసి చూపించింది. "నీ గుర్తే కదా తల్లీ?"

గుండీ చూసింది. నాలుగు కన్నాలూ వేలితో తడిమింది. "గుర్తు నాదే. కోడి నాది కాదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పిన్ని నవ్వలేదు. కోడిని అరచేతిలో పెట్టుకుని కొంచెం పైకీ కిందికీ ఆడించింది. కడుపు తీయని బొమ్మ బరువెంతో, తీసినదాని బరువెంతో ఆ చేతికి తెలుసు. తలెత్తి నావైపు చూసింది. నేను గోడకున్న కాగితం అంచు సరిచేస్తున్నాను. ఆ కాగితం సరిగ్గానే ఉంది.

పెద్ద టీచరు రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. పిన్ని ఒక్క మాట అంటే చాలు, నా పని అయిపోయేది. ఆమె గుండీ ముందు మోకాళ్ళమీద కూర్చుంది. "నీ కోడే తల్లీ. గుడ్లు పెడదామనుకుని మర్చిపోయావేమో" అంది.

అప్పటికి పన్నెండేళ్ళుగా ఏ పిల్ల మాటనూ కాదనని మనిషి ఆ రోజు నాకోసం కాదంది.

వాళ్ళమ్మ పిల్ల భుజం పట్టి ఊపింది. "టీచర్ గారే చెప్తుంటే ఇంకా ఏంటి? పదిమందిలో అబద్ధాలాడటం నేర్చావా? పద ఇంటికి." పిల్ల కోడిని అరలో పెట్టేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం తొట్టి దగ్గర చెంచాలు కడుగుతూ పిన్ని అడిగింది.

"ఎప్పుడు తీశావు?"

"గురువారం."

"లోపల ఏమైనా ఉన్నాయా?"

"లేవు" అన్నాను.

పిన్ని చెంచాలు కడగడం అయిపోయినా కుళాయి కట్టకుండా చాలాసేపు నిలబడింది.

తర్వాత మూడువారాలు గుండీ బడికొచ్చింది. కథలు చెప్పలేదు. ముద్ద ఇస్తే పలకలా చరిచేది. దాన్ని ఇంకా చరిచి అట్టంత పలచన చేసేది. "దీని సంగతి చెప్పు" అని పిన్ని అడిగితే, "ఏం లేదు. పలక" అనేది. రోజూ పలకే. లోపల అంటూ ఉన్నదేదీ చేయలేదు.

ఒకరోజు పిల్లలు వెళ్ళాక పిన్ని ఆ పలకలు వరసగా పేర్చింది. పదిహేనుదాకా ఉన్నాయి. "చూశావటే మనం చేసిన పని?" అంది. నేను నేల తుడుస్తున్నాను. "రేపు వాళ్ళమ్మను రమ్మన్నాను. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నేను తుడిచిన చోటే మళ్ళీ తుడిచాను.

"సరే" అంది పిన్ని.

మర్నాడు సాయంత్రం వాళ్ళమ్మ వచ్చింది. పిల్లలందరూ ఇంకా గదిలోనే ఉన్నారు, పిన్ని కావాలనే ఆపింది. కోడిని తెచ్చి బల్లమీద పెట్టి, పిల్లల కుర్చీలో కూర్చుంది. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

"గుండీ, నీ కోడి కడుపు నువ్వు లేనప్పుడు తీసేశాం. తీయకూడదు, తీశాం. లోపల గుడ్లున్నాయని నువ్వు చెప్పింది నిజం. నేను కాదన్నాను చూడు, అది అబద్ధం. అందరిముందు అన్నాను కాబట్టి అందరిముందు చెప్తున్నాను. తప్పు నాది."

వాళ్ళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుండీ మాత్రం కదల్లేదు.

"మీరు చూశారా గుడ్లు?"

"నేను చూడలేదు."

"మరి నిజమని ఎలా తెలిసింది?"

"నువ్వు చెప్పావుగా."

"అప్పుడు కూడా చెప్పాను" అంది గుండీ.

పిన్ని ముఖం ఎర్రబడటం నేను చూసింది ఆ ఒక్కసారే. చెవులదాకా ఎర్రబడింది.

గుండీ చుట్టూ చూసింది. "ఎవరు తీశారు?"

పిన్ని నావైపు చూడలేదు. చూసుంటే నాకు తేలికయ్యేది. తల దించుకుని బల్లమీద గుడ్డను సరిచేస్తోంది. తన నోటితో నా పేరు రాదని, ఈ పిల్లకు ఇక్కడ జవాబు చెప్పగలిగినదాన్ని నేను ఒక్కదాన్నేనని అప్పుడు అర్థమైంది.

"నేను" అన్నాను. "నేనే తీశాను. గుడ్లు ఉన్నాయి. చూశాను."

"ఎన్ని?"

"మూడు."

"ఎలా ఉన్నాయి?"

"రెండు గుండ్రంగా. ఒకటి ఒకపక్క నొక్కుకుపోయి ఉంది."

గుండీ వాళ్ళమ్మ వైపు తిరిగింది. "విన్నావా?" అంది. అంతే. ఆమె పిల్ల తల నిమిరింది. గుండీ ఆ చేతిని కాసేపు ఉండనిచ్చి, మళ్ళీ నన్ను అడిగింది.

"ఏం చేశావు వాటిని?"

"బకెట్లో వేశాను. నానిపోయాయి."

"తెలిసే వేశావా?"

పిన్ని తలెత్తింది. లోపల ఏమీ లేవని నేను ఆమెకు చెప్పి మూడువారాలైంది.

"తెలిసే వేశాను."

దువ్వెన పిల్లాడు, "మట్టక్క దొంగ" అన్నాడు. ఎవరూ వాడిని గదమాయించలేదు. ఆ మాట అప్పుడు నాకు సరిపోయింది.

పెద్ద టీచరు దాకా ఆ సంగతి వెళ్ళలేదు. నేను అక్కడ ఇంకో ఏడాది పనిచేశాను, పరీక్ష కూడా గట్టెక్కాను. పిన్ని నన్ను తిట్టలేదు. ఒక్కసారి మాత్రం అంది: "నువ్వు గుడ్లు పారేసినందుకు కాదే. ఆ పిల్లముందు నన్ను అలా నిలబెట్టావు చూడు." నేను క్షమించమని అడగలేదు. అడిగితే సరేననేది, అది నాకు మరీ భయం.

నేను ఒప్పుకున్న మరుసటి వారమే గుండీ మళ్ళీ కోడిని చేసింది. ఈసారి మెడ కూడా పెట్టింది. కడుపు తీసే రోజున పిన్ని బిళ్ళ కోసి, చెంచా చేతికిచ్చింది. గుండీ చెంచా పట్టుకుని నావైపు చూపించింది.

"ఆ అక్క అటు తిరగాలి."

గదిలో అందరూ నన్ను చూశారు. పిన్ని, "తిరుగు" అంది.

గోడవైపు తిరిగాను. సున్నం పెచ్చులూడిన చోట ఒక చీమల బారు పోతోంది. వెనక చెంచా గీరుతున్న చప్పుడు. తర్వాత గుసగుసలు. పిన్ని, "అబ్బా!" అని ఆశ్చర్యపోవడం, ఇద్దరూ కిసుక్కున నవ్వడం వినిపించాయి. బిళ్ళ అతికించేదాకా, సూదితో బెజ్జం పెట్టేదాకా అలాగే నిలబడ్డాను. ఆ పిల్ల "ఇప్పుడు తిరగొచ్చు" అన్నాకే తిరిగాను. కాలి తిరిగొచ్చాక ఆ కోడి గలగలమంటూ ఇంటికి వెళ్ళింది. కడుపు ఖాళీ అయిన మొదటి కోడి మాత్రం పిన్ని దగ్గరే ఉండిపోయింది.

ఆ రెండో కోడి కడుపులో ఏముందని తర్వాత నేను పిన్నిని చాలాసార్లు అడిగాను. గుడ్లేనా, ఎన్ని, ఇంకేమైనా పెట్టిందా అని. ఆమె మాట మార్చేసేది. నా పెళ్ళయ్యాక అడిగాను. ఆమె రిటైరైన రోజున అడిగాను. పోయిన నెలలో ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని, తెల్లటి ఆ చెయ్యి పట్టుకుని, ఇక అడగడానికి రోజులు లేవని తెలిసి అడిగాను.

"పిన్నీ, ఆ కోడి కడుపులో ఏం పెట్టింది?"

కళ్ళు తెరిచింది. ఏ కోడి అని అడగలేదు. ఊపిరి తీసుకోవడానికి కాస్త ఆగి, "నీకెందుకే?" అంది.

నేను చెయ్యి వదిలి కిటికీ వైపు తిరిగాను.